చుక్కలు లెక్కపెట్టాక తెలిసింది: టేలర్ కె-2006 కిట్, మా ఈత కొలను

మా ఇల్లు గుంటూరులో అమరావతి రోడ్డు వైపు, గోరంట్ల దగ్గర. పెరట్లో 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున మీటరుంపావు లోతు ఉన్న ఈత కొలను కట్టించుకున్నాం. అంటే 40 వేల లీటర్ల నీళ్లు. మోకాళ్ల నొప్పికి నీళ్లలో నడవమని డాక్టరుగారు చెప్పడం ఒక కారణం, వేసవి సెలవులకు వచ్చే మనవలు ఇంకో కారణం. ఆ నీళ్లను పరీక్షించుకునే టేలర్ కె-2006 అనే చుక్కల కిట్‌ను ఏడాదిగా వాడుతున్నాను. ఇంట్లో కొలను ఉన్నవారికి పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను మిర్చి వ్యాపారంలో 38 ఏళ్లు ఉన్నాను. టిక్కీలో (మిర్చి బస్తాలో) చెయ్యి పెట్టి కాయ విరిస్తే తేమ ఎంతో తెలిసిపోతుంది. గుప్పెడు కాయలు వెలుతురులో పట్టుకుంటే తాలు (రంగు పోయిన నాసికాయ) ఏ మేరకు కలిసిందో చెప్పగలను. అయినా సరుకు ఎగుమతికి వెళ్లాలంటే నా చూపు చాలదు, ల్యాబ్‌లో రంగు కొలిపించి ఆస్టా అంకె (మిర్చి రంగుకు వేసే కొలత) వేయించాల్సిందే. అంత తెలిసిన నేను సొంత పెరట్లో నీళ్ల దగ్గర మాత్రం కంటినే నమ్మాను. నీళ్లు తేటగా ఉన్నాయా, అడుగున పలకల గీతలు కనబడుతున్నాయా, అంతే చూసేవాడిని. వారానికి రెండుసార్లు వచ్చే మెయింటెనెన్స్ కుర్రవాడు కూడా "నీళ్లు అద్దంలా ఉన్నాయండీ" అని చెప్పి, తేలే డబ్బాలో క్లోరిన్ బిళ్లలు వేసి వెళ్లేవాడు. అతని దగ్గర మూడు గళ్ల కాగితపు పట్టీ ఒకటి ఉండేది. నీళ్లలో ముంచితే క్లోరిన్ గడి రంగు మారేది. "సరిపోయింది" అనేవాడు.

నిరుడు జనవరిలో పలకలు ఊడితే కొలను మొత్తం ఖాళీ చేసి బాగు చేయించాం. ఫిబ్రవరి మొదట్లో బోరు నీళ్లతో నింపాం. మే రెండో వారంలో, మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చి, డల్లాస్ నుంచి అమ్మాయి పిల్లలతో వచ్చిన నాలుగో రోజున, పొద్దున్నే లేచి చూస్తే నీళ్లు పచ్చగా ఉన్నాయి. గోడ తాకితే వేళ్లకు నాచు జారుడుగా తగిలింది. పట్టీ ముంచితే మళ్లీ అదే సమాధానం, క్లోరిన్ సరిపోయిందని. కుర్రవాడు ఇంకో రెండు బిళ్లలు వేశాడు. మర్నాటికి పచ్చదనం ఇంకా చిక్కబడింది. పిల్లలు గట్టు మీద కూర్చుని చూస్తుంటే నాకు చాలా కష్టమనిపించింది.

అమ్మాయి వాళ్లకు అక్కడ ఇంట్లో కొలను ఉంది. "నాన్నా, స్టెబిలైజర్ ఎంత ఉందో ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది. ఆ మాట వినడమే నాకు మొదటిసారి. వారం తర్వాత బయలుదేరుతున్న అల్లుడుగారికి ఫోను చేసి ఈ కిట్ తెప్పించింది.

నీలం రంగు ప్లాస్టిక్ పెట్టె. లోపల చిన్న చిన్న సీసాలు, పీహెచ్ పోల్చి చూసే పలక, ఒక కొలగొట్టం, అడుగున నల్ల చుక్క ఉన్న ఇంకో సన్నని గొట్టం, చిన్న పుస్తకం. క్లోరిన్, పీహెచ్, క్షారత (పీహెచ్‌ను పట్టి ఉంచే గుణం), కాల్షియం కాఠిన్యం (నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం), స్టెబిలైజర్ అన్నీ ఇందులోనే కొలవచ్చు.

నా కళ్లు తెరిపించింది ఆ నల్ల చుక్క. స్టెబిలైజర్ అంటే సయనూరిక్ ఆమ్లం, ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడేది. కొలను నీళ్లూ కిట్‌లోని ద్రవమూ సమానంగా కలిపి అర నిమిషం ఆగితే మిశ్రమం పల్చని మజ్జిగలా మారుతుంది. దాన్ని గొట్టంలోకి కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూస్తూ ఉండాలి. అడుగున ఉన్న చుక్క కంటికి ఎక్కడ మాయమైతే, ఆ ఎత్తులో ఉన్న అంకే మన కొలత. గీతలు 30 నుంచి 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో చెప్పే కొలత) వరకు ఉంటాయి, 100 గీత అడుగున, 30 పైన. మా నీళ్లు 100 గీత దాకా రాకముందే చుక్క మాయమైపోయింది. అమ్మాయి మా నీళ్లలో అంతే మోతాదు మినరల్ వాటర్ కలిపి మళ్లీ చేసింది. 70 వచ్చింది. సగం పల్చన చేశాం కాబట్టి రెట్టింపు, 140. ఉండాల్సింది 30 నుంచి 50.

అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రాత్రి కాగితం పెట్టుకుని లెక్క వేశాను. మేం వేసే బిళ్ల ట్రైక్లోర్, అంటే క్లోరిన్, స్టెబిలైజర్ రెండూ కలిసి ఉన్న మందు, బరువు 200 గ్రాములు. అందులో క్లోరిన్ శక్తి 90 శాతం. మా 40 వేల లీటర్లలో ఒక బిళ్ల కరిగితే క్లోరిన్ 4.5 పీపీఎం పెరుగుతుంది. దానితోపాటు స్టెబిలైజర్ దాదాపు 2.8 పీపీఎం చేరుతుంది. క్లోరిన్ ఎండకూ మురికికీ ఖర్చయిపోతుంది. స్టెబిలైజర్ మాత్రం అలాగే ఉండిపోతుంది, నీటి ఆవిరితో కూడా పోదు. రెండు రోజులకొకటి చొప్పున 100 రోజుల్లో 50 బిళ్లలు. 50ని 2.8తో గుణిస్తే సరిగ్గా 140. లెక్కా గొట్టమూ ఒకే మాట చెప్పాయి.

స్టెబిలైజర్ చెడ్డది కాదు, అసలు లేకపోయినా పని జరగదు. కళ్లంలో ఎక్కువ రోజులు ఉంటే మిరపకాయ ఎండకు తెల్లబడినట్టే, నీళ్లలో క్లోరిన్ కూడా ఎండ తగిలిన కొద్ది గంటల్లోనే విరిగిపోతుంది. స్టెబిలైజర్ దాన్ని పట్టి ఉంచి కాపాడుతుంది. కానీ మోతాదు మించితే ఆ పట్టు బిగుసుకుపోతుంది. క్లోరిన్ నీళ్లలో ఉన్నట్టే కనబడుతుంది, నాచును చంపే శక్తి మాత్రం ఉండదు. అందుకే స్టెబిలైజర్ ఎంత ఉంటే అందులో కనీసం 7.5 శాతం క్లోరిన్ ఉండాలంటారు. 140కి పదిన్నర కావాలి. కిట్‌తో కొలిస్తే మా నీళ్లలో ఉన్నది 2.5. కాగితపు పట్టీ అబద్ధం చెప్పలేదు. అది చెప్పిన అంకెను దేనితో పోల్చాలో మాకు ఎవరూ చెప్పలేదు. మూడేళ్లుగా నెలనెలా డబ్బు తీసుకుని బిళ్లలు అమ్మినవారు ఒక్కసారైనా ఈ మాట చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దీనికి నీళ్లు మార్చడం తప్ప నమ్మకమైన మందు లేదు. మే నెలలో, ఊళ్లో ట్యాంకర్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడే రోజుల్లో 27 వేల లీటర్లు తీసేయాలంటే చేతులు రాలేదు. బిళ్లలు ఆపి, క్లోరిన్ సున్నా అయిందని కిట్‌లో చూసుకున్నాక, ఆ నీటిని కొబ్బరి చెట్లకూ వెనుక ఉన్న ఖాళీ స్థలంలోని వేప చెట్లకూ పెట్టించాం. రెండు రాత్రులు బోరు వేసి మళ్లీ నింపాం. స్టెబిలైజర్ 50 కిందకు దిగింది.

అప్పుడు మొదలైంది అసలు పని. ముందుగా పీహెచ్ 7.2కు దించాం, ఎందుకంటే క్లోరిన్ 10 దాటితే పీహెచ్ రంగు నమ్మదగ్గది కాదు. తర్వాత సాయంత్రం పంపు నడుస్తుండగా, నీళ్లు తిరిగి వచ్చే గొట్టం ఎదుట 10 శాతం సోడియం హైపోక్లోరైట్ (ద్రవ రూపంలో దొరికే క్లోరిన్, వాడుకలో హైపో) 8 లీటర్లు నెమ్మదిగా పోశాం. ఒక పీపీఎంకు మాకు 400 మిల్లీలీటర్లు పడుతుంది, కాబట్టి 20 పీపీఎం. ఆ స్థాయి తగ్గకుండా రోజూ కొలుస్తూ, పోస్తూ, గోడలు బ్రష్‌తో రుద్దుతూ ఐదు రోజులు.

ఈ కిట్ విలువ నాకు పూర్తిగా తెలిసింది ఆ ఐదు రోజుల్లోనే. గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని పొడి వేస్తే ముదురు గులాబి రంగు వస్తుంది. ఇక ఒక్కొక్క చుక్కా వేస్తూ గొట్టం తిప్పుతూ ఉండాలి. రంగు పలచబడి, పలచబడి, ఒక చుక్కతో ఒక్కసారిగా మాయమై మామూలు నీళ్లయిపోతుంది. చుక్కకు అర పీపీఎం. ఇక్కడ రంగులు పోల్చి చూసే పని లేదు, ఉందా పోయిందా అన్నదే చూడాలి. నా వయసు కళ్లకు అది పెద్ద ఊరట. 25 మిల్లీలీటర్లు తీసుకుంటే చుక్కకు 0.2 పీపీఎం, ఇంకా సన్నగా కొలుచుకోవచ్చు.

చీకటి పడ్డాక ఒకసారి, తెల్లవారుజామున ఎండ రాకముందు ఒకసారి కొలవాలి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి తగ్గిన క్లోరిన్ అంతా నాచు తిన్నదే. తొమ్మిదేళ్ల మా పెద్ద మనవడు ఐదు గంటలకే లేచి వచ్చి గట్టు మీద నా పక్కన కూర్చుని లెక్కపెట్టేవాడు. మొదటి రాత్రి 40 చుక్కలు, తెల్లారేసరికి 33. అంటే ఒక్క రాత్రిలో మూడున్నర పీపీఎం పోయింది. నీళ్లు అప్పటికే తెల్లబడ్డాయి, పాత లెక్కన అయితే అక్కడితో ఆపేసేవాళ్లం. మూడో నాడు 36. ఐదో నాడు వాడు "ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది... పోయింది తాతయ్యా!" అన్నాడు. అర పీపీఎం మాత్రమే తగ్గింది. మురికితో కలిసిపోయి బలం తగ్గిన క్లోరిన్‌ను కొలిచే రెండో పరీక్షకు ఒక్క చుక్క చాలింది. అప్పటికి నీళ్లు నిజంగా శుభ్రమైనట్టు.

మా వైపు బోరు నీళ్ల సంగతి వేరుగా చెప్పాలి. బోరు నీటి కాఠిన్యం 380 వచ్చింది. నడి వేసవిలో వారానికి రెండంగుళాల నీరు ఆవిరవుతుంది. కాల్షియం మాత్రం కొలనులోనే మిగిలిపోతుంది. మళ్లీ బోరు నీళ్లు పోస్తాం, మళ్లీ కాల్షియం వస్తుంది. మేలో అది 550 ఉంది. పలకల మీద నీటి గీత వెంబడి ఉన్న తెల్లటి గారను సబ్బు మరక అనుకుని మా ఆవిడ పీచుతో రుద్ది రుద్ది అలసిపోయింది. నీళ్లు మార్చాక 450కి వచ్చింది. ఇంతకంటే తగ్గించాలంటే వాన నీరే దిక్కు. జూలైలో మేడ మీది వాన నీటి గొట్టాన్ని వడపోత పెట్టి కొలనులోకి మళ్లించాం. క్షారత 210 ఉండేది, దానివల్ల పీహెచ్ ఎప్పుడూ పైకే పోయేది. ఆమ్లంతో పీహెచ్ 7.2కు దించడం, నీటి ధార పైకి చిమ్మేలా పెట్టి గాలి తగలనివ్వడం, పీహెచ్ పెరిగాక మళ్లీ దించడం, ఇలా మూడు వారాల్లో 9 లీటర్ల పైచిలుకు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 100కు తెచ్చాం. అప్పటినుంచి పీహెచ్ 7.4, 7.6 మధ్య కుదురుగా ఉంటోంది.

ఇప్పుడు బిళ్లలు ఊరు వెళ్లినప్పుడు మాత్రమే. వేసవిలో రోజూ సాయంత్రం లీటరుంపావు వరకు హైపో, చలికాలంలో అందులో సగం. హైపో వేడికి బలం తగ్గిపోతుంది, మన ఎండల్లో మరీను. 10 శాతం అని రాసి ఉన్న డబ్బా తెచ్చి 2 లీటర్లు పోశాను. 5 పీపీఎం పెరగాలి, పెరిగింది 3. డబ్బా మీది అంకె కంటే చుక్కల లెక్కనే నమ్ముతాను కాబట్టి ఆ దుకాణం మానేశాను. ఇప్పుడు తయారైన తేదీ చూసి, చిన్న డబ్బాలే తెస్తున్నాను.

ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించింది. పంపు గదిలో ఆమ్లం, హైపో, బిళ్లలు, బ్లీచింగ్ పౌడరు ఒకే అరలో, ఒకే మగ్గుతో వాడుతున్నారని సర్దుతుంటే తెలిసింది. ఆమ్లమూ హైపో కలిస్తే విష వాయువు వస్తుంది. ట్రైక్లోర్ బిళ్లలకు బ్లీచింగ్ పౌడరు తగిలితే నిప్పంటుకోవచ్చు, పేలవచ్చు. ఇప్పుడు వేటి మగ్గు వాటిదే, ఆమ్లం ఇంకో గదిలో ఉంటుంది. మీ ఇంట్లో కూడా ఈరోజే చూసుకోండి.

కిట్ వాడేవారికి ఇబ్బందులు లేకపోలేదు. పీహెచ్ పరీక్ష ఎరుపు ఛాయలను కంటితో పోల్చేది, ట్యూబులైటు కింద తేడా తెలియదు, పగటి వెలుతురులో చూడాలి. స్టెబిలైజర్ పరీక్షకు ప్రతిసారీ 7 మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది కాబట్టి ఆ సీసా ముందుగా అయిపోతుంది. నెలకొకసారి చేస్తే చాలు. సీసాలు వేడికి పాడవుతాయి, పంపు గదిలో కాకుండా ఇంట్లో బీరువాలో పెట్టండి. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. నేను చుక్కల లెక్కలన్నీ తెలుగులో ఒక అట్ట మీద రాసి మూత లోపల అంటించాను. ఇప్పుడు మెయింటెనెన్స్ కుర్రవాడే కొలిచి పలక మీద అంకెలు రాసి, ఆ తర్వాతే డబ్బా మూత తీస్తున్నాడు. అతనికి నేర్పేవారు లేకపోయారు గానీ, నేర్చుకునే ఆసక్తి ఉంది.

పోయిన నెల విజయవాడ దగ్గరి పోరంకి నుంచి ఒక మిత్రుడు సీసాలో నీళ్లు పంపాడు. ఆయనా బిళ్లలే వాడతారు. స్టెబిలైజర్ 90. ఇంకా నీళ్లు పచ్చబడలేదు కాబట్టి సగం తీసి ఈ వానల్లో నింపుకోమని చెప్పాను. యార్డులో తెలిసినవారు ఎవరైనా నీళ్లు తెచ్చినా చూసి పెడతాను. మోచేతి లోతు నుంచి, ధార పడే చోటికి దూరంగా, శుభ్రమైన సీసాలో నిండుగా పట్టండి. క్లోరిన్ దారిలో తగ్గిపోతుంది, దాన్ని ఇంటి దగ్గరే చూసుకోవాలి. స్టెబిలైజర్, కాఠిన్యం మాత్రం సీసాలో వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి.