22 ఏళ్లుగా ఈ స్లాబు కింద

స్లాబు వేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. కూలీలు చువ్వల మీదే నడుస్తుంటే కింద పెట్టిన కవర్ బ్లాకులు (చువ్వ కింద కాంక్రీటు మందం, అంటే కవర్, ఉండేలా పెట్టే చిన్న దిమ్మలు) కొన్ని ఒరిగిపోయాయి. చూశాను కానీ పట్టించుకోలేదు.

22 ఏళ్ల తర్వాత నా మార్కులు ఇవి. హాలు, పడకగదుల పైకప్పుకు పూర్తి మార్కులు. సన్నటి బీటలు రెండు మూడున్నాయి, అవి మొదటి ఏడాదివే, పెరగలేదు. బాత్రూమ్ కప్పు, వంటింటి సన్‌షేడ్ మాత్రం ఫెయిల్.

పదమూడో ఏట బాత్రూమ్ కప్పు మీద తుప్పురంగు మరక కనబడింది. లీకేజీ అనుకుని రంగు వేయించాను, శుద్ధ దండగ. మరుసటేడు అరచేయంత పెచ్చు ఊడి బకెట్‌లో పడింది. స్టూలెక్కి చూస్తే చువ్వ బయటపడి ఉంది. గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. పెచ్చులో ప్లాస్టరింగ్ పోను కాంక్రీటు మందం 8 మిల్లీమీటర్లే. కనీసం 20 ఉండాలి.

కొత్త కాంక్రీటు పీహెచ్ (క్షార గుణాన్ని చెప్పే కొలత) 12 పైనే ఉంటుంది, ఆ క్షారంలో ఇనుముకు తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి దిగి దాన్ని 9 కిందకు తెస్తుంది. ఈ మార్పు చువ్వదాకా చేరాక తేమ తగిలితే ఇక అంతే, తుప్పు మొదలవుతుంది. తుప్పుకు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి, అందుకే పెచ్చు లేస్తుంది. పైగా ఈ దిగడం పోనుపోను నెమ్మదిస్తుంది. కాబట్టి కవర్ సగమైతే అది చువ్వను చేరే కాలం సగం కాదు, దాదాపు పావుకు పడిపోతుంది. ఈ లెక్క నాకు ఆ రోజే తెలిసుంటే మేస్త్రితో గొడవ పెట్టుకునేవాణ్ణి.

రోమ్‌లో పాంథియాన్ అనే పాత గుడి కాంక్రీటు గుమ్మటం దాదాపు 1900 ఏళ్లుగా నిలబడే ఉందిగా అంటారు. నిజమే, కానీ అందులో ఇనుప చువ్వల్లేవు!

బాత్రూమ్‌లో రిపేరు చేసినాయన ముందు పగలగొట్టిన చోట ఫినాఫ్తలీన్ (క్షారం మిగిలున్న చోట గులాబీ రంగుకు మారే ద్రావణం) చల్లాడు. లోపల గులాబీ రంగు వచ్చింది, పైపొరలో రాలేదు. రంగు రాని భాగమంతా చువ్వ వెనకదాకా చెక్కించి, తుప్పు గీకించి, కోటింగ్ వేసి, పాలిమర్ మోర్టార్ పట్టించాడు. ఎనిమిదేళ్లయింది, సుత్తితో తడితే ఇప్పటికీ గట్టిగానే పలుకుతోంది. సన్‌షేడ్‌కు మాత్రం ఉత్త సిమెంటు పూత చాలనుకున్నాను. రెండేళ్లకే ఊడింది. ఇప్పుడు దాని కింద ఎవర్నీ నిలబడనివ్వడం లేదు.