అరుదు వేరు, కొరత వేరు: ఓ నిఘంటువు యాప్‌పై సమీక్ష

ఈ ఉచిత ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు యాప్ నెట్ లేకున్నా చకచకా పనిచేస్తుంది. తడబాటంతా ‘రేరిటీ’ దగ్గరే. దానికీ ‘స్కేర్సిటీ’కీ కలిపి ‘కొరత’ అని రాసేశారు. కొరత అంటే కావలసినంత లేకపోవడం. ఎండాకాలంలో నీళ్లు స్కేర్స్. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడిన కలివికోడి అనే పక్షి మాత్రం రేర్. అది అరుదు, ఇంకా ముద్దుగా చెబితే అపురూపం. ‘ఎ రేరిటీ’ అంటే అరుదైన వస్తువు కూడా, బహువచనం ‘రేరిటీస్’. ఆ ఊసే లేదు. అన్నిటికన్నా పెద్ద తప్పు, ‘స్కేర్స్‌లీ’కి ‘అరుదుగా’ అని ఇవ్వడం. ‘ఐ కెన్ స్కేర్స్‌లీ హియర్ యూ’ అంటే మీ మాట సరిగా వినబడటం లేదని. అరుదుగా అనాలంటే ‘రేర్లీ’. ఉచ్చారణ ఆడియో బాగుంది: ‘స్కార్స్’ అంటే మచ్చలు, ఇది ‘స్కేర్స్’, తేడా స్పష్టంగా వినిపిస్తుంది. ఐదుకు మూడు.