'ఎన్‌ఐసీయూ గ్రేడ్' తూకం మిషన్ కొంటున్నారా? ఆగండి

నెలలు నిండని పిల్లల తల్లుల గ్రూపుల్లో రోజూ తిరిగే, పసిపిల్లల తూకం మిషన్ అమ్మే ఆ పేజీ గురించే. పేరు రాయను, తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది. గులాబీ రంగు తొట్టి, "5 గ్రాముల తేడా కూడా పట్టేస్తుంది, ఎన్‌ఐసీయూ గ్రేడ్" అని ఊదరగొట్టే వీడియో. (ఎన్‌ఐసీయూ అంటే పసికందుల ఐసీయూ.) 3,850 రూపాయలు ముందే కట్టాలన్నారు, కట్టాను. నా తెలివి అలాంటిది.

మా పాప 31 వారాలకే 1,240 గ్రాములతో పుట్టింది. 1,500 లోపు పుడితే వెరీ లో బర్త్ వెయిట్ అంటారట. మొదటి రోజుల్లో ఇంకా తగ్గి, పుట్టిన బరువుకి తిరిగి రావడానికే పన్నెండు రోజులు పట్టింది. అది మామూలేనని నర్సమ్మ ఎంత చెప్పినా, నాకు గ్రాముల పిచ్చి అక్కడే పట్టుకుంది. 1,710తో డిశ్చార్జ్ చేస్తూ డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు: "ఇంట్లో తూచకండి. వారానికోసారి ఇక్కడికి తీసుకురండి. ఎంతసేపు వీలైతే అంతసేపు ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండె మీద పడుకోబెట్టుకోండి, మీ పాలే పట్టండి." వింటేగా!

మొదటిరోజు మిషన్ 1,740 చూపించింది. మర్నాడు 1,660. మూడోరోజు 1,615. రోజుకి పాతిక, ముప్పై గ్రాములు పెరగాల్సిన పిల్ల తగ్గిపోతోందని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నమ్మకం కుదరక రోజుకి నాలుగుసార్లు బట్టలు విప్పి తూచాను. పాప అరికాళ్ళు చల్లబడుతున్నా నా కళ్ళు ఆ అంకెల మీదే. ఒంట్లో కొవ్వు లేని పిల్లలకి చలేస్తే, తాగిన పాలు ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికే ఖర్చయిపోతాయట. బరువు చూసే వంకతో బరువు పెరగకుండా చేస్తున్నది నేనే అన్నమాట. అది చాలదన్నట్టు, నా పాలు చాలట్లేదని ఎవరినీ అడక్కుండా పాలపొడి కలిపి ఉగ్గుగిన్నెతో పట్టాను. కక్కేసింది, పొట్ట ఉబ్బింది. ఆటో ఎక్కి ఆసుపత్రికి పరిగెత్తాం.

అక్కడి మిషన్ మీద 1,805.

అంటే పిల్ల శుభ్రంగా పెరుగుతోంది! డాక్టరుగారు మిగతావన్నీ చూసి, పాలపొడి విషయంలో మాత్రం గట్టిగానే తిట్టారు. ఇంత చిన్న పేగులకి అమ్మపాలే క్షేమమట, పాలపొడితో పేగులు దెబ్బతినే ప్రమాదం ఎక్కువట. ఒక పూటతో బయటపడ్డాం.

ఇంటికొచ్చి కిలో కందిపప్పు ప్యాకెట్ పెట్టి చూశాను. 1,045. తీసి మళ్ళీ పెడితే 970. ఇంకోసారి 1,010. వీడియో తీసి ఆ పేజీవాళ్ళకి పంపి ఫోన్ చేశాను.

"మేడమ్, మిషన్ పర్ఫెక్ట్. మీ పాపే సరిగ్గా పెరగట్లేదేమో, ముందు అది చూసుకోండి."

మూడు రాత్రులు నిద్రలేకుండా నన్ను నేను అడుక్కున్న మాట అది. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు, బహుశా టీ తాగుతూ, ఎంత తేలిగ్గా అనేశాడో! పక్కనుంచి ఎవరో నవ్విన చప్పుడు కూడా వినిపించింది. కందిపప్పు కూడా పెరగట్లేదా అని అడగాలని తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం నోరు పెగల్లేదు, ఏడుపొచ్చింది. మా ఆయన ఫోన్ లాక్కుని డబ్బు తిరిగిమ్మంటే, "ఎన్‌ఐసీయూకి లక్షలు పోసినవాళ్ళకి ఇదొక లెక్కా సార్?" అన్నాడు. కట్ చేశాడు. ఐదు నిమిషాల్లో రెండు నంబర్లూ బ్లాక్.

కొనకండి. కొనేసి ఉంటే ముందు కిలో ప్యాకెట్ పెట్టి మూడుసార్లు చూడండి. బరువు ఆసుపత్రిలో, ఎప్పుడూ ఒకే మిషన్ మీద చూపించండి. ఇంట్లో చూడాల్సింది పాప పాలు సరిగ్గా తాగుతోందా, పాదాలు వెచ్చగా ఉన్నాయా, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు ఎగరేస్తోందా అన్నది. తాగడం మానేసి మగతగా పడుంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

రేపు పాపకి కంటి రెటీనా పరీక్ష ఉంది. అది అయ్యాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. మీలో ఇంకెవరైనా అదే పేజీలో ఇదే మిషన్ కొని ఉంటే బిల్లు, చాట్ పారేయకండి, నాకు చెప్పండి.