పండ్లు, కూరగాయల దూర ప్రయాణానికి ఏది మేలు: రైలా, లారీనా?

ఒకప్పుడు కాలిఫోర్నియా పండ్లు అమెరికా తూర్పు తీరానికి చేరాలంటే రైలే దిక్కు. 1906లో రెండు రైల్వే కంపెనీలు కలిసి పెట్టిన పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ వేలకొద్దీ చల్లని వ్యాగన్లు నడిపింది. వ్యాగన్ రెండు చివర్లా ఐసు నింపి, దారిలో పైకప్పు మూతలు తెరిచి మళ్లీ మళ్లీ నింపేవాళ్లు. 1950ల్లో డీజిల్ శీతల యంత్రాలు వచ్చి ఆ బాధ తీరుస్తున్నా, సరుకు మాత్రం లారీలకు తరలిపోతూనే ఉంది.

ఖర్చు చూస్తే రైలుకు తిరుగులేదు. ఒక్క వ్యాగన్‌లో మూడు నాలుగు లారీల సరుకు పడుతుంది, డీజిల్ కూడా బాగా ఆదా. ఓడింది టైములో. ఒక రైలు నుంచి విప్పి ఇంకోదానికి తగిలించేదాకా వ్యాగన్ యార్డులో పడి ఉండాలి. స్ట్రాబెర్రీకి, లెట్యూస్‌కి ఒక్క రోజు ఆలస్యమైతే అమ్ముకోవడానికి ఒక రోజు తగ్గినట్టే. లారీ అయితే పొలం దగ్గర ఎక్కించుకుని నేరుగా గోడౌన్ దగ్గర దించుతుంది. 1956 చట్టంతో అంతర్రాష్ట్ర హైవేలు కూడా కలిసొచ్చాయి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. పంటలు మోసే లారీల చార్జీలపై 1935 నుంచే ప్రభుత్వ నియంత్రణ లేదు. తాజా పండ్లు, కూరగాయల విషయంలో రైళ్లకు ఆ స్వేచ్ఛ 1979లో గానీ రాలేదు. అన్నేళ్లు చేతులు కట్టేసి పోటీలో దింపడం రైలుకు జరిగిన అన్యాయమే అంటాను.

యార్డుల్లో ఆగకపోతే రైలు పోటీ పడగలదని రైలెక్స్ అనే కంపెనీ చూపించింది. 2006 నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలోని వల్లూలా నుంచి న్యూయార్క్ రాష్ట్రానికి చల్లని వ్యాగన్లతోనే పూర్తి రైలు నడిపారు. 2017లో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ దాన్ని కొన్నది, 2020లో ఆపేసింది. నాకు చాలా బాధ కలిగించిన నిర్ణయం అది.

ఇప్పుడు ఎంచుకోమంటే, వేల కిలోమీటర్లు వెళ్లాల్సిన బంగాళదుంప, క్యారెట్, ఫ్రోజెన్ సరుకు రైలుకే ఇస్తాను. స్ట్రాబెర్రీ లారీకే. మధ్యరకం సరుకుకు శీతల కంటైనర్ మేలు: రెండు చివర్లా లారీ, మధ్యలో రైలు, పెట్టె తెరిచే పనే లేదు. కాకపోతే లారీలో శీతల యంత్రం ఆగితే డ్రైవర్‌కి వెంటనే తెలుస్తుంది, రైల్లో పక్కన ఎవరూ ఉండరు. దూరం నుంచే ఉష్ణోగ్రత, డీజిల్ చూసే ఏర్పాటు లేని కంటైనర్‌లో మాత్రం సరుకు ఎక్కించొద్దు.