గ్రాండ్ కాన్యన్ ‘రిమ్ టు రిమ్’ ప్యాకేజీ కొంటున్నారా? ముందు పర్మిట్ చూపించమనండి

రిమ్ టు రిమ్ అంటే గ్రాండ్ కాన్యన్ లోయలోకి ఒక అంచు (రిమ్) నుంచి దిగి, ఎదుటి అంచుకు ఎక్కే నడక. "రిమ్ టు రిమ్, 2 రాత్రులు, పర్మిట్‌తో సహా" అని అమెరికాలోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్యాకేజీలతో జాగ్రత్త. అలాంటిదొకటి కొన్నవాళ్ళకు అసలు సంగతి ట్రయల్ మొదట్లో గానీ తెలియలేదు. పర్మిట్ ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పేరు మీద ఉంది, ఆ మనిషి రానే లేదు. కట్టిన డబ్బు పోయినట్టే.

ఈ పర్మిట్ అంటే లోయలో రాత్రి ఉండడానికి పార్కు ఇచ్చే అనుమతి, అది ఒకరి నుంచి ఇంకొకరికి మారదు. దానిమీద లీడర్‌గానో ప్రత్యామ్నాయ లీడర్‌గానో పేరున్న మనిషి మీతో నడవాల్సిందే. ఒక పర్మిట్ మీద 11 మందికి మించి రాత్రి ఉండకూడదు కాబట్టి, "14 మందికి ఒకే పర్మిట్" అన్నారంటే అక్కడే ఆగిపోండి. ఏ రాత్రి ఏ క్యాంపులోనో కూడా కోడ్‌తో రాసుంటుంది: కాటన్‌వుడ్ క్యాంపు అయితే సీసీజీ (CCG), బ్రైట్ ఏంజెల్ క్యాంపు అయితే సీబీజీ (CBG). పార్కు తీసుకునేది పర్మిట్‌కు 10 డాలర్లు, పైన మనిషికి రాత్రికి 15. ‘పర్మిట్ చార్జీ’ అని వందలు అడిగితే లెక్క రాసివ్వమనండి. ఒక్క రోజులో నడిచేసే చిన్న గుంపుకైతే అసలు పర్మిటే అక్కర్లేదు, దాన్ని కూడా అమ్మేవాళ్ళున్నారు! డబ్బు తీసుకుని గైడ్‌గా వచ్చేవాళ్ళకు మాత్రం పార్కు అనుమతి తప్పనిసరి. ఆ జాబితా పార్కు వెబ్‌సైట్లోనే ఉంటుంది.

ఇంతకంటే ప్రమాదకరమైన మాట ఇంకొకటుంది: "దారంతా కుళాయిలే, 1 లీటరు బాటిల్ చాలు." నార్త్ కైబాబ్ ట్రయల్‌లో దిగి బ్రైట్ ఏంజెల్ ట్రయల్‌లో ఎక్కితే సుమారు 24 మైళ్ళు. ఆ కుళాయిలకు నీళ్ళు తెచ్చేది 1960లలో వేయడం మొదలుపెట్టిన పైపులైను, అది తరచూ పగులుతుంది. 2025 జూలైలో డ్రాగన్ బ్రావో కార్చిచ్చు నార్త్ రిమ్ లాడ్జినీ నీటిశుద్ధి ప్లాంటునూ కూడా కాల్చేసింది. అందుకని ట్రయల్ తెరిచి ఉందా, ఏ కుళాయి పనిచేస్తోందన్నది బయల్దేరే ముందు రోజు పార్కు పేజీలో చూసుకోవాలి. మనిషికి కనీసం 3 లీటర్లు పట్టే సీసాలు, ఒక ఫిల్టరు, దానితోపాటు శుద్ధిచేసే మాత్రలు ఉండాలి. వాగు బురదగా ఉంటే నీళ్ళు తేరనివ్వకుండా ఫిల్టర్లో పోయొద్దు, పూడుకుపోతుంది. తడి ఫిల్టరు రాత్రి చలికి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి, బయటికేమీ కనబడదు. పడుకునేటప్పుడు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి.

సౌత్ కైబాబ్ ట్రయల్ మీదుగా ఎక్కిస్తామన్నా ఒప్పుకోవద్దు. దూరం తక్కువే గానీ ఆ దారిలో చుక్క నీరు దొరకదు, నీడా లేదు.

కాటన్‌వుడ్ క్యాంపుకూ లోయ అడుగునున్న ఫాంటమ్ ర్యాంచ్ బసకూ మధ్య ‘ద బాక్స్’ అనే ఇరుకు లోయ ఉంది. పక్కల నల్లరాళ్ళు ఎండను పట్టి ఉంచుకుని కొలిమిలా కాగుతాయి. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా అక్కడ నడిపించే ప్లాన్ ఇస్తే ఆ మనిషికి కాన్యన్ తెలియదన్నమాటే. ఉత్త నీళ్ళే తాగుతూ పోయినా ముప్పే: ఒంట్లో ఉప్పు పలచబడి వాంతులు, తలనొప్పి, మతి తప్పడం మొదలవుతాయి. మూత్రం నీళ్ళలా రంగు లేకుండా ఎక్కువగా వస్తూ ఈ లక్షణాలుంటే ఇంకా నీళ్ళు పట్టొద్దు. నీడలో కూర్చోబెట్టి ఉప్పటివి తినిపించండి, మతి తప్పితే వెంటనే రేంజర్లకు కబురు పంపండి. గంట గంటకూ ఉప్పు చెక్కలో, వేయించిన పల్లీలో తింటూ పోతే ఇంతవరకూ రాదు.

అడ్వాన్స్ కట్టే ముందు పర్మిట్ ఫొటో, రెండు రిమ్‌ల మధ్య షటిల్ బుకింగ్ నంబరు, పార్కు ట్రయల్ మూసేస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారన్నది, మూడూ రాతలో తీసుకోండి. రోడ్డు మీద ఆ రెండు రిమ్‌ల మధ్య 200 మైళ్ళకు పైనే, షటిల్ లేకపోతే అవతలి ఒడ్డునే ఉండిపోతారు.