న్యాడ్ 3020: ఇరవై వాట్లే, అయినా మన ఇళ్లకు సరిపోతుంది

వేల వాట్లని గొప్పగా చూపే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) స్టిక్కర్లకు అలవాటైన కంటికి 20 వాట్లు మరీ చిన్న అంకెగా కనబడుతుంది. అయితే న్యాడ్ 3020 అనే ఈ స్టీరియో ఆంప్లిఫయర్ చానల్‌కు ఇచ్చే 20 వాట్లు నిఖార్సైనవి. రెండు చానళ్లూ కలిసి నడుస్తున్నా తగ్గవు. డప్పు మీద దెబ్బ పడిన క్షణంలో, 8 ఓమ్‌ల స్పీకర్ మీద, 40 దాకా లేస్తాయి. ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్ డిజైన్ చేయగా 1978లో వచ్చిన సెట్టు ఇది. కండిషన్‌లో ఉన్నది దొరికితే ఇవాళ కూడా కళ్లు మూసుకుని కొనొచ్చు. ఆ కండిషన్ తేల్చుకోవడమే అసలు పని.

ముందు వాట్ల భయం తీర్చుకుందాం. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకు మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న స్పీకర్‌కు 20 వాట్లు ఇస్తే మీటరు దూరంలో 101 డెసిబెల్స్ వస్తాయి. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. అదే 84 డెసిబెల్స్ స్పీకర్ తీసేసి 90ది పెడితే ఆంప్లిఫయర్‌ను నాలుగింతలు చేసినట్టే. పది పన్నెండు అడుగుల గదికి డబ్బు పెట్టాల్సింది స్పీకర్ మీద.

సౌండ్ విషయానికొస్తే, దీని బలం గొంతులో ఉంది. పాత పాటల్లో గాయకుడి గొంతు వాద్యాల వెనక నలిగిపోదు. అసెంబుల్డ్ సెట్లలో వాడే 4440 ఐసీ బోర్డు చానల్‌కు 6 వాట్ల దగ్గర ఆగిపోతుంది, ఆపైన వాల్యూం తిప్పితే సిగ్నల్ అల కొసలు తెగి స్పీకర్ గరగరమంటుంది. 3020 వెనక సాఫ్ట్ క్లిప్పింగ్ స్విచ్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే కొసలు తెగకుండా గుండ్రంగా వంగుతాయి, ట్వీటర్లు కాలిపోయే ప్రమాదం తగ్గుతుంది. లోపం కూడా చెప్పాలి: బేస్ బిగువుగా ఉండదు, కొంచెం మెత్తన. పెద్ద హాలుకో పెళ్లికో ఇది పనికిరాదు.

కొనేముందు సిరీస్ బోర్డు మీద, అంటే కరెంటు ఒక బల్బు గుండా వచ్చేలా కలిపిన బోర్డు మీద, పెట్టి చూడాల్సిందే. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సరిపోతుంది. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది. ఆ గండం దాటాక నేరుగా కరెంటు ఇచ్చి, స్పీకర్లు తగిలించకుండా, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజి చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. 100 దాటితే రిపేరు అయ్యేదాకా స్పీకర్ తగిలించొద్దు.

ఒక చానల్ వస్తూ పోతూ ఉంటే వెంటనే ట్రాన్సిస్టర్ మీద అనుమానపడకండి. వెనక ప్రీఅవుట్‌నూ (ప్రీఆంప్ భాగం నుంచి సిగ్నల్ బయటికొచ్చే చోటు) మెయిన్ ఇన్‌నూ (పవర్ ఆంప్ భాగంలోకి వెళ్లే చోటు) కలిపే చిన్న లోహపు లింకులు ఉంటాయి, వాటికి మకిలి పట్టినా ఇదే జరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ దోపితే చాలాసార్లు రోగం అక్కడే కుదురుతుంది. వాల్యూం తిప్పేటప్పుడు వచ్చే కరకరకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. తుప్పు వదిలించే నూనె స్ప్రే మాత్రం వద్దు, అది లోపల జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. క్లీనర్ కొట్టినా కరకర పోలేదంటే, ముందున్న, డీసీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ లీకై వాల్యూం కంట్రోల్ మీదికి డీసీ వస్తోందేమో చూడాలి.

నలభై ఏళ్లు దాటిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మార్చడమే మంచిది. మన వేసవికి 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం వేయించండి. వోల్టేజి రేటింగ్ పాతదానికంటే తగ్గకూడదు. మెయిన్ ఫిల్టర్ల మైక్రోఫారడ్లు మూడింతలు చేస్తే బేస్ పెరుగుతుందని చెప్పేవాళ్లుంటారు, వినకండి. స్విచ్ వేసిన ప్రతిసారీ, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ మీద ఆ భారం పడుతుంది.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు 2ఎన్3055, ఎంజే2955. పాత ఆంప్లిఫయర్లు విప్పిన ఏ మెకానిక్‌కైనా 3055 పరిచయమే కాబట్టి కడపలోనైనా అనంతపురంలోనైనా దీన్ని బతికించుకోవచ్చు. చిక్కల్లా నకిలీలతోనే. పెద్ద టోపీ కింద చిన్న చిప్ పెట్టిన నకిలీ తక్కువ వాల్యూంలో బాగానే పాడుతుంది, గట్టి దెబ్బ పడగానే పోతుంది. మార్చేటప్పుడు కింద కరెంటును ఆపే మైకా రేకు, థర్మల్ పేస్టు కొత్తవి వేసి, ట్రాన్సిస్టర్ బాడీకీ హీట్‌సింక్‌కూ మధ్య కంటిన్యుటీ లేదని మీటర్‌తో నిర్ధారించుకోండి. ఈ రకంలో బాడీయే కలెక్టర్. తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెకు బయాస్ (పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) సరిచేయాలి. చల్లగా ఉన్నప్పుడు సరిచేసిన బయాస్ మే నెలలో, కర్నూలులో నిలవదు.

అందుకే దీన్ని గోడ గూట్లోనో అద్దాల షోకేసులోనో పెట్టొద్దు. పైన కనీసం నాలుగంగుళాల ఖాళీ, వెనక గాలి ఆడే దారి ఉండాలి. అమెరికా నుంచి తెచ్చిన సెట్టయితే అది 120 వోల్టులది కావచ్చు, 230కి తగిలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. వెనక రాసినది చదివి, 200 వీఏకి తగ్గని స్టెప్‌డౌన్ పెట్టుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ జుయ్యిమని మోగుతుంది. కరెంటు పోయినా పాట ఆగకూడదనుకుంటే ప్యూర్ సైన్ వేవ్‌దే కొనాలి.

ఇప్పటి డాక్‌లు (డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) 2 వోల్టులు ఇస్తాయి. 3020 కాలపు సెట్ల ఇన్‌పుట్‌లకు అందులో పదోవంతు చాలు. అందుకే వాల్యూం కొద్దిగా తిప్పగానే గది దద్దరిల్లుతుంది, ఆ మొదటి మలుపులో ఎడమా కుడీ చానళ్లు సమానంగా కూడా రావు. ఫోన్‌లోనో డాక్‌లోనో లెవెల్ తగ్గించండి, లేదా సిగ్నల్‌ను 10 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ మధ్యలో పెట్టండి. ఫోనో ఇన్‌పుట్‌లో మాత్రం రికార్డు ప్లేయర్ తప్ప ఏదీ గుచ్చొద్దు.

మన ఇళ్లలో కింద కడప బండలు గానీ బేతంచెర్ల బండలు గానీ ఉంటాయి. ఆ నేల ట్రెబుల్‌ను అద్దంలా తిప్పికొడుతుంది. ట్రెబుల్ నాబ్ తగ్గించేముందు స్పీకర్లకూ కూర్చునే చోటికీ మధ్య మందపాటి జంఖానా పరిచి వినండి. చాలా ఇళ్లలో నాబ్ ముట్టుకోవాల్సిన పనే ఉండదు.