ట్రాన్సిషన్ ప్రశ్నల్లో ఏది మేలు: పదాలను పెట్టి చూడటమా, సంబంధాన్ని ముందే తేల్చుకోవడమా?

అమెరికా కాలేజీల్లో ప్రవేశం కోసం రాసే డిజిటల్ శాట్ పరీక్షలోని రీడింగ్ అండ్ రైటింగ్ విభాగంలో 64 నిమిషాలకు 54 ప్రశ్నలు ఉంటాయి, అంటే ఒక్కో ప్రశ్నకు సగటున 71 సెకన్లు దక్కుతాయి. వాటిలో ట్రాన్సిషన్ ప్రశ్న, అంటే వాక్యాలను కలిపే పదాన్ని అడిగే ప్రశ్న, చూడటానికి చాలా తేలిగ్గా ఉంటుంది. ఒక చిన్న పేరా ఇచ్చి, అందులో ఒక ఖాళీ వదిలి, తర్కానికి అన్నిటికన్నా బాగా పొసిగే పదాన్ని నాలుగింటిలోంచి ఎంచుకోమంటారు. దీనికి విద్యార్థులు ఎక్కువగా ఆశ్రయించే మార్గం నాలుగు పదాలనూ వరసగా ఖాళీలో పెట్టి చదివి, వినసొంపుగా ఉన్నదాన్ని గుర్తించడం. రెండో మార్గం ఆప్షన్ల వైపు చూడకుండానే వాక్యాల మధ్య ఉన్న సంబంధాన్ని తేల్చుకుని, ఆ తర్వాతే దానికి తగిన పదాన్ని వెతకడం. మూడోది తప్పు ఆప్షన్లను కొట్టివేస్తూ రావడం. నా మటుకు రెండోదే మేలు, మిగిలిన రెండూ దానికి తోడుగా మాత్రమే పనికివస్తాయి.

పెట్టి చూసే పద్ధతి విఫలం కావడానికి కారణం ప్రశ్న నిర్మాణంలోనే ఉంది. నాలుగు ఆప్షన్లూ వ్యాకరణపరంగా సరైనవే, కామాలు కూడా అన్నిటికీ ఒకేలా ఉంటాయి, కాబట్టి ఏది పెట్టి చదివినా వాక్యం సాఫీగానే నడుస్తుంది. ఈ ఉదాహరణ చూడండి: ‘సూర్యుడికి అతి దగ్గరగా ఉన్న బుధ గ్రహంపై పగటి ఉష్ణోగ్రత సుమారు 430 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అయితే ఆ వేడిని రాత్రివేళ పట్టి ఉంచగల దట్టమైన వాతావరణం దానికి లేదు. (ఖాళీ), సూర్యుడు అస్తమించాక ఉష్ణోగ్రత మైనస్ 180 డిగ్రీల వరకు పడిపోతుంది.’ ఆప్షన్లు హౌఎవర్, సిమిలర్లీ, యాజ్ ఎ రిజల్ట్, ఫర్ ఇన్‌స్టన్స్ అనుకుందాం. చెవిని నమ్ముకున్నవారు 430, మైనస్ 180 అనే రెండు అంకెల మధ్య ఉన్న తేడాకు లోబడి హౌఎవర్ ఎంచుకునే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఆ పదంతో కూడా వాక్యం ఎక్కడా తడబడదు.

ఆప్షన్లను చేత్తో మూసి చదివినవారి ఆలోచన వేరే దారిలో సాగుతుంది. ఖాళీకి ముందున్న వాక్యం వాతావరణం లేదంటోంది, తర్వాతి వాక్యం చలి పెరుగుతుందంటోంది, మొదటిది కారణం, రెండోది ఫలితం. వేడికీ చలికీ ఉన్న వైరుధ్యాన్ని రెండో వాక్యంలోని ‘అయితే’ అప్పటికే చెప్పేసింది, కాబట్టి ఖాళీలో దాన్ని మళ్లీ చెప్పాల్సిన పని లేదు. ‘అందువల్ల’ అనే భావం మనసులో స్థిరపడ్డాక ఆప్షన్లు చూస్తే యాజ్ ఎ రిజల్ట్ తప్ప మరొకటి దానికి సరిపోదు. పేరాను ఒక్కసారి శ్రద్ధగా చదివితే చాలు కనుక దీనివల్ల సమయం కూడా ఆదా అవుతుంది. ఇంగ్లిష్‌ను విని కాక పుస్తకాల ద్వారా నేర్చుకున్నవారికి ఇది మరీ అవసరం, ఎందుకంటే వారు చెవి మీద ఆధారపడగల అవకాశం తక్కువ.

కొట్టివేత పద్ధతికి ఒక మంచి బలం ఉంది. ఒకే అర్థమిచ్చే మోర్ఓవర్, ఇన్ అడిషన్ రెండూ ఆప్షన్లలో కనిపిస్తే, సరైన జవాబు ఒక్కటే కాబట్టి, ఆ రెండింటినీ నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు. అయితే ఒకేలా అనిపించే పదాలన్నీ ఒకే పని చేయవు. సబ్సీక్వెంట్లీ కాలంలో తర్వాత జరిగినదాన్ని సూచిస్తుంది, కాన్సీక్వెంట్లీ కారణం నుంచి పుట్టినదాన్ని సూచిస్తుంది. అలాగే హౌఎవర్‌కు కేవలం వైరుధ్యం ఉంటే సరిపోతుంది, ఇన్‌స్టెడ్‌కు మాత్రం ఒకటి జరగకపోవడం, దాని స్థానంలో మరొకటి జరగడం కావాలి. ఈ తేడాలు తెలియకుండా జంటలు కట్టి కొట్టివేస్తే సరైన జవాబే పోతుంది. అందుకే సంబంధాన్ని తేల్చుకున్నాక కూడా రెండు ఆప్షన్లు మిగిలినప్పుడే కొట్టివేతను వాడటం క్షేమం.

శాట్ లాంటిదే అయిన యాక్ట్ ప్రవేశ పరీక్ష ఇంగ్లిష్ విభాగంలోనూ ఇలాంటి ప్రశ్నలు వస్తాయి, కానీ అక్కడ కొన్నిసార్లు ట్రాన్సిషన్ పదమే లేని ఆప్షన్ కూడా ఇస్తారు. ఏదో ఒక పదం ఉంటేనే బాగుందనిపించే చెవికి ఆ ఆప్షన్ పట్టదు. రెండు వాక్యాలు పదం అవసరం లేకుండానే అతుక్కుంటున్నాయని గ్రహించాలంటే, వాటి మధ్య సంబంధాన్ని ముందుగా తేల్చుకుని ఉండాలి.

సాధన చేసేటప్పుడు ప్రతి ప్రశ్నకూ ఆప్షన్లు చూడకముందే కారణం, వైరుధ్యం, ఉదాహరణ, జోడింపు, వరుసక్రమం వంటి ఒక్క మాటను పక్కన రాసుకోండి. జవాబు తప్పినప్పుడు ఆ మాటే తప్పిందా, లేక మాట సరిగ్గా ఉండి దానికి తగిన ఇంగ్లిష్ పదం తెలియలేదా అన్నది అప్పుడే తేలుతుంది. మొదటి రకం తప్పులు ఎక్కువైతే పేరాలు నిదానంగా చదవడం, రెండో రకమైతే పదాల మధ్య తేడాలు నేర్చుకోవడం చేయాలి.